సంఘములో మొఱ్ఱకు చోటు

మా కంభము ప్రాంతపు సంఘములలో చదువు వచ్చిన ఏ పెద్దమ్మ బైబిలునైనను అడిగి తీసికొని, కీర్తనల గ్రంథమును తెరచి చూడుడి. 23వ కీర్తన యున్న పుట వ్రేలి తడికి నలిగి, అంచు నల్లబడి యుండును. 91, 103, 121 కీర్తనల పుటలును అట్లే యుండును. 88వ కీర్తన యున్న పుట మాత్రము కొనిన నాటివలెనే తెల్లగా యుండును. చదువరులు నన్ను క్షమింతురు గాక, నా బైబిలులోనిదియు మొన్నమొన్నటివరకు అట్లే యుండెను.

ఇది వ్రాయుటకు కారణమొకటి కలదు. మా సంఘములో ఒక తల్లి కుమారుడు బేల్దారి పనికి బెంగుళూరు పోయి, కట్టుచున్న మేడమీదనుండి పడి చనిపోయెను. మూడవ ఆదివారము ఆమె మందిరమునకు వచ్చి, సాక్ష్యములు చెప్పు సమయమున లేచి నిలిచెను. సాక్ష్యము చెప్పలేదు. నా బిడ్డ నెందుకు కాపాడలేదని దేవునినే అడుగసాగెను. వెనుకనున్న పిల్లలు సయితము అల్లరి మానిరి. ఆ దినమున ఆరాధన నడిపించినవాడను నేనే. నాకు భయము కలిగెను. "కూర్చోమ్మా, అట్లా మాట్లాడకూడదు. స్తోత్రం చెప్పుకుందాం" అని, ఆమె మాట ముగియకమునుపే స్తుతిపాట యెత్తితిని. డోలకు, తాళములు మ్రోగెను. ఆమె కూర్చుండెను. తరువాతి నాలుగు ఆదివారములు ఆమె రాలేదు.

ఆమె చేసినది తప్పా, నేను చేసినది తప్పా? ఈ ప్రశ్నను మనస్సులో పెట్టుకొని కీర్తనల గ్రంథమును మొదటినుండి చదివితిని.

గ్రంథము పేరే మనలను కొంత త్రోవ తప్పించునేమో. హెబ్రీయులు దీనిని తెహిల్లీమ్ అందురు, స్తుతులని అర్థము. మన తెలుగువారును కీర్తనలనిరి. కీర్తించుట యనగా పొగడుటయే గదా. అయితే లోపలనున్న 150 కీర్తనలలో ఇంచుమించు మూడవ వంతు పొగడ్తలు కావు, మొఱ్ఱలు. హెర్మన్ గుంకెల్ (1862–1932) అను జర్మను పండితుడు కీర్తనలను వాటి రీతినిబట్టి వేరుపరచి చూచి, ఒంటరి మనుష్యుని విలాపమే ఈ గ్రంథమునకు మూల సరకని చెప్పెను. ఇన్ని కన్నీళ్లు లోపల ఉంచి పైన స్తుతులని పేరు పెట్టిన పెద్దలు తెలివిలేనివారు కారు. వినువాడు ఉన్నాడని నమ్మనివాడు మొఱ్ఱపెట్టడని వారెరుగుదురు.

మన పల్లెలలో చావు జరిగినప్పుడు స్త్రీలు శోకాలు తీయుట మీరు వినియే యుందురు. అది ఊరక యేడ్చుట కాదు. దానికొక క్రమము కలదు. పోయినవానిని నాయనా, నా తండ్రీ యని పిలుతురు. వాడు చేసిన మేళ్లు తలంతురు. నన్ను విడిచి ఎట్లు పోతివని నిలదీయుదురు. ఇక నాకెవరు దిక్కని అడుగుదురు. 13వ కీర్తనను దీని ప్రక్కన పెట్టి చూడుడి. అందులో ఉన్నవి ఆరు వచనములే. మొదటి రెంటిలో ఎన్నాళ్లను ప్రశ్న నాలుగుమారులు వచ్చును. తరువాతి రెంటిలో ఆ మనుష్యుడు తన వైపు చూడుమనియు, బదులు పలుకుమనియు, లేనియెడల చచ్చిపోదుననియు వేడుకొనును. కడపటి రెంటిలో నమ్మికయు, సంతోషమును, పాటయు కనబడును. మన అవ్వల శోకమునకును దీనికిని గొంతు ఒక్కటే. అక్కడ పిలువబడినవాడు పలుకడు. ఇక్కడ పిలువబడినవాడు జీవముగలవాడు. భేదమంతయు అందులోనే యున్నది. మన సంఘములు శోకాలు తీయుట అన్యాచారమని మాన్పించినవి. మంచిదే కావచ్చును. కాని ఆ గొంతును దేవుని తట్టు త్రిప్పుట నేర్పవలసిన మనము, దానిని మూసివేసితిమి.

చావునకు జడిసిన మనుష్యుడు మరుసటి వచనములోనే ఎట్లు పాడగలిగెనను ప్రశ్న వ్యాఖ్యాతలను చాలకాలము చిక్కుపెట్టినది. యోవాఖీమ్ బెగ్రిఖ్ అను మరియొక జర్మను పండితుడు 1934లో ఒక సమాధానము చెప్పెను. మందిరములో మొఱ్ఱ విన్న యాజకుడు దేవుని పేరట అభయవాక్యము పలికియుండుననియు, ఆ వాక్యము కీర్తనలో వ్రాయబడకపోయినను రెండు వచనముల నడుమ వినబడియుండుననియు ఆయన ఊహ. ఇది ఊహయే. అయినను సమూయేలు మొదటి గ్రంథములో హన్నా కథ దీనికి సాటిగా ఉన్నది. ఏలీ మొదట ఆమెను త్రాగినదిగా ఎంచి గద్దించెను. తరువాత ఆమె మాట విని దీవించెను. అప్పుడామె వెళ్లి భోజనము చేసెను, ఆమె ముఖము మారెను. నేను ఏలీ చేసిన మొదటి పనితోనే ఆగితిని.

ఆ ఆరు వచనములను మనము ఒక్క గుక్కలో చదివెదము; నిమిషము పట్టదు. నాలుగవ వచనమునుండి అయిదవ వచనమునకు నడచుటకు ఆ మనుష్యునికి ఎన్ని నెలలు పట్టెనో.

పాపముకొరకైన కన్నీరు మన పాటలలో లేకపోలేదు. పురుషోత్తమ చౌదరిగారి (1803–1890) కాలమునుండి పాపి తన్ను తాను నిందించుకొను పాటలు రాగతాళములతో పాడుచునే యున్నాము. కాబట్టి 51వ కీర్తన వంటి యేడ్పు మనకు క్రొత్త కాదు. 44వ కీర్తన వంటిది క్రొత్త. మేము నిబంధన తప్పలేదు గదా యని దేవునితో వాదించి, ఆయననే నిద్ర లేపుటకు తెగించిన కీర్తన యది. అట్టిది మన ఆరాధనలో ఎత్తుటకు నోరు రాదు. ఏడ్చువాడు ఏదో తప్పు చేసియే యుండునని తలంచుట మనకు సుళువు. యోబు స్నేహితులకును సుళువుగానే యుండెను. అన్ని మొఱ్ఱలును నాకు మింగుడుపడినవని చెప్పను. 137వ కీర్తన చివర శత్రువుల పసిబిడ్డలను గూర్చిన మాటవద్ద ఇప్పటికిని నా గొంతు ఆగిపోవును. ఆ మాట విడిచి చదువువారిని నేను తప్పుపట్టను.

ఇక విమోచన. ఈ మాటను ప్రసంగములలో ఎంత తరచుగా వాడితిమో, అది మొదట అప్పులవారి మాటయని అంత మరచితిమి. పుస్తె తాకట్టు పెట్టి విత్తనములు తెచ్చినవారికి, దానిని విడిపించుకొనుట ఎట్టిదో తెలియును. లేవీయకాండము 25వ అధ్యాయములో బీదవాడై భూమి అమ్ముకొనిన సహోదరుని భూమిని దగ్గర బంధువు విడిపింపవలెనని యున్నది. రూతు విషయములో బోయజు ఆ పనియే చేసెను. అట్టి బంధువును హెబ్రీ భాషలో గోయేలు అందురు. ఆ ధాతువే 107వ కీర్తన రెండవ వచనములో ఉన్నది. యెహోవా విడిపించినవారు నోరు తెరచి చెప్పవలెనట. ఏమి చెప్పవలెను? తరువాతి వచనములలో నాలుగు గుంపులు వచ్చును: అరణ్యములో దారి తప్పి ఆకలిగొన్నవారు, చీకటిలో సంకెళ్లతో నున్నవారు, రోగముచేత అన్నము సహింపనివారు, తుపానులో చిక్కిన ఓడవారు. ప్రతి గుంపు విషయములోను ముందు కష్టము చెప్పబడును, తరువాత మొఱ్ఱ, ఆ తరువాత విడుదల, చివరకు స్తుతి. ఒక్క గుంపునైనను తన కష్టమును దాటి నేరుగా స్తుతికి రమ్మనలేదు.

అదే కీర్తనలో 33వ వచనము మొదలుకొని నదులు ఎండుటయు, ఎండిన నేల నీటిమడుగగుటయు, ఆకలిగొన్నవారు అక్కడ ఊరు కట్టి విత్తనములు చల్లుటయు కలవు. కంభము చెరువు క్రింద బ్రతుకువారికి దీనికి వ్యాఖ్యానము అక్కరలేదు. విజయనగరపు కాలములో కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డముగా వేసిన ఆ కట్ట ఎత్తు 57 అడుగులనియు, దాని క్రింద 10,300 ఎకరములు సాగగుననియు పాత గెజిటీరులో వ్రాసియున్నది. వాన కురిసిన యేడు ఆ నీళ్లకు ఆవలి గట్టు ఆనదు. వాన తప్పిన యేడు అడుగు మట్టి బీటలు వారును.

ఆ గుండ్లకమ్మయే తూర్పునకు పోయి, ఒంగోలు దగ్గర వెల్లంపల్లి ప్రక్కను పారును. 1878 జూలై 3న అక్కడ ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్య చెప్పని జూబిలీ ప్రసంగమును నేను వినలేదు. దానికి ముందు 1876 మొదలు 1878 వరకు గొప్ప కరవు. మదరాసు రాజధానిలో మిక్కిలి దెబ్బతిన్న జిల్లాలలో కర్నూలు ఒకటి. మా కంభము అప్పుడు ఆ జిల్లాలోనిదే. క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించిరి. అన్నము కొరకు మతములో చేరిరను మాట రాకుండ, ఆ దినములలో బాప్తిస్మములు నిలిపివేసిరి. నాలుగేండ్లకు, 1882లో, కంభములో మిషను స్థానము ఏర్పడెను.

మన ప్రసంగీకులు ఆ కరవును ఒక్క వాక్యములో దాటి, గుండ్లకమ్మ నీళ్లలో దిగుదురు. కాలువ గట్టున మట్టి మోసినవారు రాత్రివేళ ఏమని మొఱ్ఱపెట్టిరో మనము వ్రాసికొనలేదు. కరవునకు ముందు సయితము, ఊరి బావిలో చేద వేయు హక్కు లేక, ఎవరైన నీళ్లు పోయువరకు కడవతో దూరముగా నిలిచినవారు వారు. 107వ కీర్తన వ్రాసినవాడు మన సంఘచరిత్ర వ్రాసియుండిన యెడల, 2,222 అను సంఖ్యకు ముందు ఆ కడవను గూర్చి చెప్పియుండును.

అయితే ప్రతి మొఱ్ఱయు స్తుతిలో ముగియునని నేర్పుటయు సరికాదు. 88వ కీర్తన అడ్డుపడును. అది కోరహు కుమారులది. దాని పైన ఎజ్రాహీయుడైన హేమాను పేరు ఉన్నది. 18 వచనములలో వెలుగు ఒక్కచోటనే: మొదటి వచనములో తన మొఱ్ఱ ఆలకింపని ఆ దేవునినే రక్షణకర్త యని పిలుచుచున్నాడు. చివరి మాట చీకటి. కీర్తనలను కూర్చిన పెద్దలు ఆదరణకొరకు ఒక వచనము చేర్చియుండవచ్చును. చేర్చలేదు. అట్లే ప్రధానగాయకుని చేతికి, సంఘము నోటికి ఇచ్చిరి. సిలువమీద మన ప్రభువు నోట వచ్చినదియు 22వ కీర్తన మొదటి మాటయే. ఆ కీర్తన చివర స్తుతి ఉన్నదని కొందరు త్వరపడి చెప్పుదురు. నిజమే, 22వ వచనమునుండి ఉన్నది. కాని మత్తయియు మార్కును ఆ మొదటి మాటనే వ్రాసి, మూడవ దినమువరకు ఆగిరి.

ఇంత చదివిన తరువాత ఆ తల్లి యింటికి పోతిని. ఆమె వాకిట కూర్చుండి మిరపకాయల తొడిమలు తీయుచుండెను. మంచము వాల్చెను గాని మాటలాడలేదు. ఆ ఆదివారమునాటి సంగతి నేనే ఎత్తితిని. ఆమె తల యెత్తకయే, "అడగొద్దంటే నేనెవర్ని అడిగేది అయ్యగారూ?" అనెను. దానికి నా యొద్ద ఉత్తరము లేదు. బైబిలు తెరచి 88వ కీర్తన చదివితిని. వివరము చెప్పలేదు. ప్రార్థన చేయుదునని అలవాటుచొప్పున నోటికి వచ్చినను ఆగితిని.

"ఇది బైబిల్లోనే ఉందా?" అనెను.

"ఉందమ్మా."

"మళ్లా చదవండి."

ఇప్పుడు మా మందిరములో నెలకొక ఆదివారము ఒక మొఱ్ఱ కీర్తన చదువుచున్నాము. చదివిన వెంటనే పాట యెత్తక కొంతసేపు ఊరకుందుము. మొదటిసారి డోలకు వాయించు చిన్నవాడు అలవాటుచొప్పున చేయి వేసి, మరల తీసికొనెను. ఆ తల్లి వచ్చుచున్నది. తలుపు దగ్గర కూర్చుండును. ఇంకను పాడుట లేదు.