కోడిపిల్ల కాళ్లు చెప్పే వంశం

తల్లి లేని పిల్ల ఒకటి దొరుకుతుంది. గద్ద కాళ్లలోంచి జారిందో, కుక్క నోట్లోంచి తప్పించుకుందో తెలియదు. గంప కింద పెట్టి నాలుగు నూకలు వేశాక ఇంటిల్లిపాదీ అడిగేది ఒకటే: ఇది ఏం జాతి? గద్వాల నడిగడ్డలోనైనా, వనపర్తి పక్క ఊళ్లలోనైనా, నాగర్‌కర్నూల్ దాటి అమ్రాబాద్ గుట్టలెక్కినా, కోళ్లు సాకి పండిన చేతులు చేసే పరీక్ష చూడముచ్చటగా ఉంటుంది.

ముందు అది కోడో కాదో తేలాలి. గోధుమ రంగు చారలున్నంత మాత్రాన కోడిపిల్ల అయిపోదు. నెమలిపిల్లకు గుడ్డులోంచి వచ్చేటప్పుడే రెక్క ఈకలు మొలిచి ఉంటాయి, కొద్ది రోజులకే ఎగరబోతుంది. బొటనవేలంత పిల్ల అయితే పూరేడుపిట్టది కావచ్చు. నెమలి అయినా, అడవికోడి అయినా 1972 వన్యప్రాణి చట్టం ఉంది. అటవీ శాఖకు అప్పగించాలి, సాకడానికి వీల్లేదు.

కోడే అని తేలాక ఎక్కువమంది రంగు చూస్తారు. అదే పొరపాటు. నూగు రాలి అసలు ఈక వచ్చేసరికి పిల్ల గుర్తుపట్టలేనంత మారిపోతుంది. కాకి, డేగ, నెమలి, సేతువ, పర్ల అంటూ కోస్తా పందెగాళ్లు పెట్టుకున్న పేర్లు కూడా ఎదిగిన పుంజుల ఈకలకు పెట్టినవే. పైగా రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా కోళ్లు పెరళ్లకు చేరాక, రంగురంగుల పిల్లంటే నాటుదే అనుకునే రోజులు పోయాయి.

నెత్తి మీది జుట్టు కొంత నయం. ఒంటి రంపంలా కాక, మూడు వరుసల్లో బఠాణీ గింజల్లా పొట్టిగా అణిగి ఉంటే అసీల్ అనే పందెపు జాతి రక్తం ఉందనుకోవచ్చు. పొడుగు మెడ, నిక్కి నిలబడే తీరు తోడైతే అనుమానం ఇంకా బలపడుతుంది. అయితే ఆ జుట్టు రావడానికి తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చిన జన్యువు చాలు. జుట్టు చూపించి ‘అసలు అసీల్’ అని ధర పెంచేవాడి మాట నేనైతే నమ్మను. మెడ మీద ఈకల్లేని కోడి సంగతీ అంతే. ఒక్క జన్యువు చేసే పని అది.

నన్ను నిజంగా ముగ్ధుణ్ని చేసింది కాళ్లు. పిల్లను తిరగేసి కాలి పొలుసుల రంగు చూడాలి. కోళ్లలో పసుపు చర్మం తలవంచే గుణమని, తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తేనే పైకి కనబడుతుందని జన్యుశాస్త్రవేత్త విలియం బేట్సన్ 1902లోనే చెప్పాడు. ఆ పసుపు ఎక్కడిదన్న ప్రశ్న మాత్రం మరో వందేళ్లు మిగిలిపోయింది. పెంపుడు కోళ్లన్నిటికీ మూలం ఎర్ర అడవికోడి ఒక్కటేనన్నాడు డార్విన్. కానీ దాని కాళ్లు బూడిద రంగువి.

స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయానికి చెందిన లైఫ్ ఆండర్సన్ బృందం 2008లో దీన్ని విప్పిన తీరు కమ్మరి పనంత నిక్కచ్చిగా ఉంది. మేతలోని పసుపు రంగును విరిచి రంగు లేకుండా చేసే జన్యువు ఒకటుంది, పేరు బీసీడీఓ-2. పసుపు కాళ్ల కోళ్లలో అది పాడైపోలేదు, చర్మంలో మాత్రమే మందగించింది. అందుకే మేతలోని రంగు అక్కడ పేరుకుంటుంది. తర్వాత వాళ్లు వేర్వేరు జాతుల పసుపు కోళ్లను పక్కపక్కన పెట్టి చూశారు. అన్నింటిలోనూ ఆ చోట ఒకే చిన్న ముక్క. ఆ ముక్కను అడవికోళ్లతో పోలిస్తే ఎర్రదానితో కలవలేదు, బూడిద అడవికోడికి దగ్గరగా వచ్చింది. ఒంట్లో మిగతా చాలా భాగం ఎర్రదాని వైపే ఉండగా, ఈ ఒక్క ముక్క ఇంకో తాత నుంచి వచ్చిందన్నమాట. కోడి పుట్టుకలో సంకరం ఉందని ఇంత చిన్న ఆధారంతో ఇంత గట్టిగా చెప్పిన పని అరుదు.

ఆ బూడిద అడవికోడి భారతదేశంలో తప్ప ఇంకెక్కడా లేదు. మన నల్లమలలో ఉంది. పుంజు మెడ ఈకల చివర మైనపు బొట్లు పెట్టినట్టు పసుపు చుక్కలుంటాయి. ఆ కలయిక నల్లమలలోనే జరిగిందని అనడం లేదు. దాని బంధువుల కాళ్లు మాత్రం మన పెరట్లో గింజలు గీరుతున్నాయి.

ఆకుపచ్చ కాళ్లు కనిపిస్తే కంగారు పడొద్దు. పసుపు చర్మం కింద నలుపు పొర ఉంటే కాలు ఆ రంగులో కనిపిస్తుంది. తెల్ల చర్మం కిందైతే అదే నలుపు నీలిబూడిదగా తేలుతుంది. మక్కలు, పచ్చాకు దొరకని పిల్లలో పసుపు సరిగా పట్టదు. జోరుగా గుడ్లు పెట్టే పెట్టకు కాళ్లు వెలిసిపోతాయి, ఆ రంగు సొనలోకి పోతుంది. కాబట్టి పాలిపోయిన కాలు చూసి వెంటనే తీర్పు చెప్పకూడదు.

మరి దొరికిన పిల్లకు కాళ్లు తెల్లగా ఉంటే? తెల్లది పైచేయి గుణం కనుక, లోపల ఒక పాలు పసుపు దాగి ఉండొచ్చు. దాన్ని పెంచి, పసుపు కాళ్ల జోడీతో కలిపి, పొదిగిన పిల్లల కాళ్లు చూడాలి. ఒక్క పిల్లకు పసుపు వచ్చినా చాలు, దాగినది బయటపడినట్టే.