బలగము: కాకియు, ఆడుబిడ్డయు

2023వ సంవత్సరము మార్చి నెలలో వెలువడిన ‘బలగం’ చిత్రమునకు దర్శకుడు సిరిసిల్ల ప్రాంతీయుడగు యెల్దండి వేణుగారు. హాస్యనటులుగా పేరొందిన వీరికిది తొలి దర్శకత్వము. కొమురయ్య యను వృద్ధుడు మరణించును. కాకి పిండమును ముట్టదు. ఇంటివారి వైరములు బయల్పడును. నల్లిబొక్కకై బావకును బావమరదికిని పుట్టిన కలహము అందులో నొకటి.

తెలంగాణ పల్లెలలో జనులు ఆరుబయట తెరలు గట్టి, కుటుంబములతో గూర్చుండి దీనిని జూచిరి. చిత్రాంతమున బుడిగజంగములైన కొమురమ్మ, మొగిలయ్య దంపతులు మృతుని గూర్చి పాడుదురు. చావింట వారి పాట వినియెరిగిన ప్రేక్షకులకు తెరమీది కథ పరులది కాదు, తమ యింటి దినకర్మమే. దర్శకుడు తాను పెరిగిన సీమ మాటను, ఆచారమును మార్పక చూపుటయే యిందులకు కారణము.

ఇది మెచ్చదగినదే. కాని యొక ప్రశ్న మిగులుచున్నది. ఇద్దరు పురుషుల పంతమునకు ఆడుబిడ్డ ఏండ్లతరబడి పుట్టినింటికి దూరమయ్యెను. తుదకు వైరము తీరినంతనే మన కన్నీరు ఆ యన్యాయమును గడిగివేయుచున్నది; ఆమె కోల్పోయిన కాలమునకు లెక్క యడుగువారు లేరు. తండ్రి జీవించియుండగా గూతునకు దక్కని యాదరము, ఆయన పోయినపిదప కాకి కొరకు గలుగుట యేమి ధర్మము?

చిత్రమును జూచి యేడ్చినవారు రానున్న బతుకమ్మ పండుగకే ఆడుబిడ్డను బిలుచుకొనివత్తురేని, ఆ కన్నీరు సార్థకమగును.