పాటకా మార్కులు, కన్నీటికా?

టెలివిజన్ గానపోటీలలో నేడొక వింత యాచారము ప్రబలుచున్నది. పాడవచ్చినవారి శ్రుతిలయలకంటె ముందు వారి కష్టచరిత్రమును తరచుగా నడుగుచున్నారు. 1996లో ఈటీవీలో ఆరంభమైన ‘పాడుతా తీయగా’లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యముగారు ఉచ్చారణను దిద్దుచు, కవిని, స్వరకర్తను స్మరింపజేసెడివారు. గానసభకు తగిన విమర్శ యది.

బాధను చెప్పుకొనుట తప్పని మే మనము. చెప్పినవారి గుండెబరువు తగ్గవచ్చును. విన్నవారికి ధైర్యము కలుగవచ్చును. కాని మార్కులిచ్చువారి యెదుట నడిగినప్పుడు కాదనుటకు పోటీదారునకు స్వేచ్ఛ యెక్కడిది?

బహిరంగముగ నోరు విప్పుటకు మూల్యమెంతటిదో పాడేరు మన్యమెరుగును. 2007 ఆగస్టులో తమపై అత్యాచారము జరిగినదని వాకపల్లికి చెందిన 11 మంది కోదు స్త్రీలు పోలీసులపై ఫిర్యాదు చేసిరి. 2023లో న్యాయస్థానము దర్యాప్తు లోపములను ఎత్తిచూపుచు నిందితులను విడిచిపెట్టెను. ఆ స్త్రీలకు పరిహార మిమ్మనెను. వారు పలికినది న్యాయమునకై. అట్టిచోటను అత్యాచార బాధితురాలి పేరు వెల్లడింపరాదని చట్టము శాసించుచున్నది. న్యాయసభకున్న యీ మర్యాద వినోదసభకు వలదా?

రేపు ఆ కొండలనుండి యొక బాలిక థింసా పాటతో వేదిక నెక్కినచో, ఆమెను పాటనుగూర్చి యడుగుడు. గతమును తానై చెప్పినచో గౌరవముతో వినుడు. చెప్పకున్నచో గుచ్చి యడుగకుడు. చెప్పిన పిమ్మట ప్రసారము వలదను హక్కు ఆమెకుండవలెను. మార్కులు మాత్రము పాటకే. కన్నీటి కథకై మన మిండ్లలో నెదురుచూచుట మానినగాని యీ యాచారము తొలగదు.