పెచ్చు లేచిన ఎడ్లబండి

ఒంగోలు గిత్తల సీమలో ఎద్దుకు మూపురం ఎంత ఎత్తుండాలో, గంగడోలు ఎలా వేలాడాలో పిల్లలకూ తెలుసు. కృష్ణ ఆవలి ఒడ్డున కొండపల్లిలో ఆర్యక్షత్రియులు ఆ పోలికలతో చెక్కే ఎడ్లబండి బొమ్మ గుంటూరు, ప్రకాశం జిల్లాల సంక్రాంతి బొమ్మల కొలువుల్లో మెప్పు పొందేది అందుకే. కొన్నేళ్ళకు అటక మీంచి దించి చూస్తే మూపురం మీద రంగు పెచ్చులేచి ఉంటుంది, మెడ దగ్గర సన్నటి నెర్రె కనబడుతుంది. రంగు నాసిరకమని తీర్పు చెప్పేస్తాం. ఆ తీర్పు చాలాసార్లు తప్పు. బొమ్మ మీద కనిపించే లోపం రంగులో పుట్టేది తక్కువ, రంగు కింద పుట్టేదే ఎక్కువ.

ఈ బొమ్మలు చెక్కే తెల్లపొణికి కర్ర తేలిక, మెత్తన. సన్నటి సెగ మీద కాచి దానిలో తేమ పోగొడతారు. కాళ్ళు, కొమ్ములు విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. నునుపు చేశాక సున్నపు పూత, ఆపైన రంగు. వీటిలో ఏ పొర చెడిందో పెచ్చే చెబుతుంది. పెచ్చు వెనక సున్నం అంటుకొచ్చి కర్ర బయటపడితే, సున్నానికి కర్ర మీద పట్టు చాలలేదు. సున్నం నిలిచి రంగు మాత్రమే ఊడితే, పూత మీది పొడి తుడవలేదు, లేదా చేతి జిడ్డు అంటింది. పొక్కు లేస్తే ముందు అనుమానించాల్సింది కర్రలో మిగిలిన తేమనే. నెర్రె అతుకు వెంబడే పోతే, మక్కు పూర్తిగా ఆరకముందే రంగు పడి ఉంటుంది. రంగు ముడతలు పడితే మాత్రం తప్పు కుంచెదే: పూత మందమైంది, లేదా మొదటిది ఆరకముందే రెండోది పడింది. చిన్న బొమ్మకు మందం మరో చేటు, ఎద్దు ముట్టె మీద చెక్కిన గీతలు పూడిపోతాయి. బాగుచేసేటప్పుడు పట్టు వదిలిన పొర వరకూ ఉప్పుకాగితంతో తీసేయాలి. పైపైన వేసిన కొత్త రంగు పాత పెచ్చుతోపాటే ఊడుతుంది.

మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండ, అక్టోబరులో ముసురు. కర్ర ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది, ఎండిన రంగు దానితోపాటు సాగలేదు. ముసురు పట్టిన పూట వార్నిష్ వేస్తే గాలిలో తేమ చేరి పూత పాలిపోయినట్టు తెల్లబడుతుంది. పత్తి తీసే రోజుల్లో తడి రంగు మీద దూదిపోగు వాలితే వేలితో లాగకూడదు. ఆరనిచ్చి, రుద్ది, పలుచగా మరో పూత వేయాలి.

ఎనామిల్ వేస్తే ఈ బాధలుండవని కొందరంటారు. కర్ర ఆరి, సున్నం గట్టిగా పట్టి ఉంటే ఎనామిల్ నిలుస్తుంది, నిజమే. తేమ లోపలే ఉంటే ఆ బిగుతు పొర కింద అది చిక్కుకుంటుంది. చేతిపనికి లోపాలే అందమనేది మరో మాట. కుంచె గీత విషయంలో ఒప్పుకుంటాను, అది చేసిన చేతి గుర్తు. పెచ్చు విషయంలో ఒప్పుకోను. అది తొందర గుర్తు, ఆ తొందరకు కారణం చాలావరకు మన బేరమే. కర్రా మక్కూ సున్నమూ ఆరడానికి పట్టే రోజులకు మనం వెల కట్టం.

ఈసారి కొనేటప్పుడు మెరుపు చూసి ఆగిపోకండి. బొమ్మను తిరగేసి అడుగు చూడండి, అతుకుల మీద గోరు నడపండి. అక్కడ పని నిండుగా ఉంటే, చెప్పిన ధర ఇచ్చేయండి.