సందు చూసి విసురు

గొలుసుల మోత ముందు వినిపిస్తుంది. బుట్ట తర్వాతెప్పుడో కనిపిస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎండాకాలమంటే పొగమంచు కాలం. ఆ మంచులో పొద్దున్నే ఫుల్టన్ వీధి వైపు నుంచి గోల్డెన్ గేట్ పార్కులోకి దిగితే, సైప్రస్ చెట్ల వెనక ఎక్కడో ఘల్లుమంటుంది. మొదటిసారి విన్నప్పుడు ఎవరో బావిలోకి గొలుసు కట్టి బకెట్టు వదిలారేమో అనుకున్నాను. "పడింది అని అర్థం పిన్నీ" అన్నాడు మా అక్క కొడుకు. వాడికి ముప్పై ఏళ్లు, నాకు యాభై నాలుగు. నన్ను ఈ ఆటలోకి దింపింది వాడే.

ఆట పేరు డిస్క్ గోల్ఫ్. గోల్ఫ్‌లో బంతి, కర్ర, గుంట ఉంటాయి. ఇక్కడ డిస్క్ అనే ప్లాస్టిక్ పళ్లెం, చెయ్యి, బుట్ట. మొదటి విసురు వేసే చోటును 'టీ' అంటారు, అక్కడ నిలబడి విసరాలి, పడ్డ చోటికి నడిచి వెళ్లి అక్కణ్నుంచి మళ్లీ విసరాలి. తక్కువ విసుర్లలో బుట్టలో వేసినవాళ్లు గెలిచినట్టు. మార్క్స్ మెడో అనే పచ్చిక దగ్గరున్న ఈ కోర్సులో అలాంటి బుట్టలు 18. టికెట్టు లేదు, సభ్యత్వం లేదు. చేతిలో ఒక డిస్క్ ఉంటే చాలు.

నగరం మధ్య పార్కులో చెట్ల నడుమ పెట్టిన ఇలాంటి పొట్టి కోర్సులంటే చెయ్యి బలమున్న కుర్రాళ్లకు కాస్త చిన్నచూపు. వాళ్ల మెప్పంతా దూరానికే. పేరున్న ఆటగాళ్లు మైదానంలో 500 అడుగులు దాటిస్తారు. ఇక్కడ టీ నుంచి బుట్టకు 200, 250 అడుగులుంటే సరిపోతుంది, 300 వస్తే పెద్దదే. "ఇది పిల్లల కోర్సు" అని నా ముందే ఒకతను భుజాలెగరేసి, మొదటి విసురే నీలగిరి మానుకు ఈడ్చి కొట్టాడు. డిస్క్ వెనక్కొచ్చి వాడి కాళ్ల దగ్గరే పడింది. ఆ రోజు నుంచి నాకు ఈ కోర్సు మీద గౌరవం పెరిగింది. దూరం తగ్గించిన చోట అడవి తన వాటా తాను తీసుకుంటుంది.

ఆట పుట్టుకలో పెద్ద గొప్పేమీ లేదు, అదే నాకు నచ్చింది. 1926లో కెనడాలోని సస్కాచెవాన్‌లో, బ్లాడ్‌వర్త్ అనే పల్లెలో బడిపిల్లలు డబ్బా మూతలు విసురుకుంటూ ఇసుకలో గీసిన వలయాలకు గురి పెట్టేవారట. మనం పెంకులతో, గోళీలతో ఆడినట్టే. ఇటు అమెరికాలో, కనెక్టికట్‌లోని ఫ్రిస్బీ అనే బేకరీ రేకు పళ్లేలు కాలేజీ కుర్రాళ్ల చేతుల్లో ఎగిరాయి. ఫ్రెడ్ మారిసన్ అనే కాలిఫోర్నియా మనిషి ప్లాస్టిక్ పళ్లెం ఒకటి చేసి, 1957లో వామో అనే బొమ్మల కంపెనీకి ఇచ్చాడు. ఆ కంపెనీలోనే పనిచేసిన ఎడ్ హెడ్రిక్ దానికి పైన వలయాకారపు గీతలు పెట్టి నిలకడ తెచ్చాడు. 1975లో లాస్ ఏంజిలెస్ దాపున ఓక్ గ్రోవ్ పార్కులో, అంతరిక్ష నౌకలు తయారయ్యే జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీ పక్కనే, మొదటి శాశ్వత కోర్సు వేశాడు. అప్పుడు బుట్టల్లేవు, గుంజలే. గుంజకు తగిలిందా లేదా అన్న తగువు తీరక, గొలుసులు వేలాడే బుట్ట కనిపెట్టి 1977లో పేటెంటు పుచ్చుకున్నాడు. గొలుసు డిస్క్ వేగాన్ని మింగేస్తుంది, కింది బుట్ట దాన్ని పట్టుకుంటుంది, చప్పుడు సాక్ష్యం చెబుతుంది. 2002లో పోయాక ఆయన కోరిక ప్రకారం చితాభస్మాన్ని కలిపి డిస్కులు పోతపోశారు. గంగలో కలిపే అలవాటున్నవాళ్లం, మనకు వింతగానే ఉంటుంది. కానీ ఎగిరే అస్థికల ఆలోచన నాకు మరీ తప్పుగా తోచలేదు.

ఇక విసరడం సంగతి.

మొదటి నెల నేను చేసిన తప్పు గడ్డి కోసినట్టు విసరడం. చెయ్యి వెనక్కి తీసుకెళ్లి కొడవలిలా చుట్టూ తిప్పేదాన్ని. చెయ్యి వలయంలో తిరిగితే డిస్క్ ఎప్పుడు వదిలితే ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. అడవిలో అది కుదరదు. కుడిచేతి వాటం వాళ్లు కుడి భుజం బుట్ట వైపు పెట్టి పక్కకు తిరిగి నిలబడాలి. డిస్క్‌ను వెనక్కి చాచి, రొమ్ముకు దగ్గరగా, గీత గీసినట్టు తిన్నగా లాక్కురావాలి. మోచెయ్యి ముందు నడవాలి, మణికట్టు చివర్లో తెరుచుకోవాలి. బలం నడుములోంచి వస్తుంది, వేళ్లు కడదాకా బిగిసి ఉంటాయి. చల్ల కవ్వం తాడు లాగిన చెయ్యికి ఈ లాగుడు త్వరగా పట్టుబడుతుందని నా అనుమానం. మా అమ్మ ఆడి ఉంటే నన్ను ఓడించేది.

తర్వాతది ముక్కు. డిస్క్ ముందంచు పైకి లేచిందా, గాలి దాని పొట్ట కింద దూరి పైకెత్తేస్తుంది, కొమ్మల్లో ఇరుక్కుంటుంది. ముందంచు రవ్వంత కిందికి వంగి ఉండాలి. అరచేతిలో నీళ్ల పళ్లెం పట్టుకున్నట్టు ఊహించుకుని, ఆ నీళ్లు బుట్ట వైపు ఒక్క చుక్క ఒలకబోస్తున్నట్టు వదలమంటాడు మావాడు. ఎన్నో వీడియోలు చూసినా రానిది ఆ ఒక్క మాటతో వచ్చింది.

ఇప్పుడు అసలు కిటుకు. కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్, అంటే ఇలా రొమ్ము మీదుగా లాగి, విసిరిన డిస్క్ పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగినట్టు తిరుగుతుంది. వేగం తగ్గేకొద్దీ గాలి ఎత్తే బలం ముందంచు వైపు జరుగుతుంది. మామూలు వస్తువైతే ముందు పైకి లేచేది. కానీ ఇది తిరుగుతున్న బొంగరం లాంటిది. బొంగరాన్ని ఒక వైపు నెడితే అది పక్కకు వాలుతుంది కదా, డిస్క్ కూడా అంతే, ఎడమకు వాలిపోతుంది. అంటే ప్రతి విసురూ చివర్లో ఎడమకు తిరుగుతుందన్నమాట. ఫోర్‌హ్యాండ్ విసిరితే భ్రమణం తిరగబడి కుడికి పోతుంది. చెరువు నీళ్ల మీద పెంకు విసిరి గంతులేయించడం గుర్తుందా? ఆ చెయ్యే ఫోర్‌హ్యాండ్. ఊళ్లో చెరువు గట్టు మీద పెరిగిన ఎవరికైనా సగం వచ్చేసినట్టే.

వదిలేటప్పుడు బయటి అంచు కిందికి వంచితే హైజర్, పైకి ఎత్తితే యాన్‌హైజర్. హైజర్ నమ్మకమైన నౌకరు, ఎడమకు పొమ్మంటే పోతుంది. యాన్‌హైజర్ అలా కాదు. కుడికి వెళ్తూ వెళ్తూ మధ్యలో మనసు మార్చుకుని తిన్నగా అవుతుంది, ఒక్కోసారి మార్చుకోదు. చెట్ల మధ్య దారి కుడికి తిరిగితే ఇది విసరాలా, ఫోర్‌హ్యాండ్ వెయ్యాలా అన్నది ఎప్పటికీ తెగని మీమాంస. నా భుజం నొప్పి ఆ మీమాంసను ఫోర్‌హ్యాండ్‌కు వ్యతిరేకంగా తేల్చేసింది.

డిస్కుల్లో మూడు జాతులు. అంచు మొద్దుగా ఉండేది పట్టర్, నడిమిది మిడ్‌రేంజ్, అంచు సన్నగా కత్తిలా ఉండేది డ్రైవర్. 1983లో డేవ్ డనిపేస్ అంచు వాలుగా కోసిన డిస్క్ తెచ్చాక ఆట దూరం ఒక్కసారిగా పెరిగింది. అందుకే కొత్తవాళ్లు దుకాణంలో డ్రైవర్ మీదికే చెయ్యి చాస్తారు. అదే పొరపాటు. డ్రైవర్‌కు తగిన వేగం ఇవ్వలేకపోతే వదిలిన మరుక్షణమే ఎడమకు కూలుతుంది. పట్టర్‌కు ఆ గొడవ లేదు. మెల్లగా విసిరినా తిన్నగా తేలుతూ పోయి, చెట్టుకు తగిలినా దూరంగా దొర్లిపోకుండా అక్కడే కూలబడుతుంది. ఈ కోర్సులో 18 టీల దగ్గరా పట్టరే విసిరే ఒక ముసలాయన ఉన్నాడు. నడకకు చేతికర్ర కావాలి. నేను ఆయన్ను ఇంతవరకు గెలవలేదు.

ఆయన దగ్గర చూసి నేర్చుకున్నది ఒకటుంది. టీ మీదికి వచ్చాక బుట్ట కేసి చూడడు. ముప్పై నలభై అడుగుల దూరంలో రెండు మానుల మధ్య ఉన్న ఖాళీ చూస్తాడు. ఆ ఖాళీని ఒక కిటికీ అనుకుని, దాని ఎత్తు, వెడల్పు కొలుస్తాడు. కిటికీ దాటాక డిస్క్ దానంతటదే తిరుగుతుంది కనుక ఆ పైన దాని ఇష్టం. చెట్టు మీద దృష్టి పెట్టినవాళ్లు చెట్టుకే కొడతారు, ఇది సైకిలు నేర్చుకునేటప్పుడు గుంతలోకే పోయినట్టు. చెట్టులో తొంభై పాళ్లు గాలే అని ఆటగాళ్ల మధ్య ఒక సరదా మాట ఉంది. మిగతా పది పాళ్లు నా డిస్క్ కోసం ఎక్కడున్నా వెతుక్కుంటూ వస్తాయి.

చెట్టుకు తగిలి పొదలో పడ్డాక అసలు మనిషి బయటపడతాడు. పడ్డ డిస్క్ వెనక 20 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల లోతున్న చోట కనీసం ఒక కాలైనా మోపి విసరాలి. అడ్డొచ్చిన కొమ్మ విరవకూడదు, వంచి కట్టకూడదు. నియమ పుస్తకంలో ఉన్నదే. అందుకని మోకాళ్ల మీద కూర్చుని, ఒక కాలు మాను పక్కకు చాచి, నానా అవస్థలు పడతారు జనం. కుర్రాళ్లు అక్కణ్నుంచే అరచేతి వెడల్పు సందులోంచి బుట్టకు గురి పెట్టి మరో మానుకు కొడతారు. ముసలాయన ఏం మొహమాటం లేకుండా పక్కనున్న ఖాళీలోకి పదిహేను అడుగుల దూరం డిస్క్ విసిరి, అక్కణ్నుంచి బుట్టలో వేస్తాడు. వాళ్లకు అయిదు, ఆయనకు నాలుగు.

బుట్టకు 10 మీటర్ల లోపలికి వచ్చాక విసిరి ముందుకు తూలకూడదు, నిలదొక్కుకున్నాకే కాలు కదపాలి. బుట్ట పైకప్పు మీద పడితే లెక్కకు రాదు, గొలుసుల్లోనో బుట్టలోనో ఆగాలి. ఈ భాగం గురించి ఎక్కువ చెప్పను. ఇంటి పెరట్లో రోజూ ఇరవై విసిరితే వస్తుంది, విసరకపోతే రాదు.

ఆట ఇక్కడికి ఎందుకు నప్పిందో తెలియాలంటే నేల సంగతి చూడాలి. 1870లలో ఇదంతా సముద్రపు ఇసుక దిబ్బలు. విలియం హామండ్ హాల్ అనే ఇంజనీరు, ఆయన తర్వాత ఐదు దశాబ్దాలు పార్కును చూసుకున్న జాన్ మెక్‌లారెన్, గడ్డీ మొక్కలూ వేసి ఇసుకను కట్టేశారు. తర్వాత మాంటెరే సైప్రస్, మాంటెరే పైన్, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన నీలగిరి పెట్టారు. మన కోస్తాలో ఇసుక ఎగరకుండా సరుగుడు వేసినట్టే. నీలగిరి జాతే మన ఖమ్మం, ప్రకాశం జిల్లాల్లో జామాయిల్ తోటలైంది. ఆకు నలిపి వాసన చూస్తే ఊరు గుర్తొస్తుంది. ఇలా నాటిన అడవి కావడం వల్ల మానుల మధ్యలో సందులు దొరుకుతాయి. గోల్ఫ్ కోసం అడవి కొట్టి పచ్చిక పరిచినట్టు ఇక్కడ పరచక్కర్లేదు, గడ్డికి నీళ్లు పట్టక్కర్లేదు.

చెట్లకు దెబ్బ తగలదని అనను. టీ ఎదుటి మానుల బెరడు మీద మచ్చలుంటాయి, జనం తొక్కిన చోట వేళ్లు తేలతాయి. కొన్ని కోర్సుల్లో మాను ముందు కర్రలు పాతి కాపాడతారు, నేల మీద చెక్కపొట్టు పరుస్తారు, ఏడాదికోసారి బుట్టల చోటు మారుస్తారు. ఇదంతా ఆడేవాళ్లు సెలవు రోజుల్లో చేసే చాకిరీ. కుక్కను తిప్పేవాళ్లు, పిల్లల బండి తోసుకుంటూ వచ్చే తల్లులు ఆ దారినే నడుస్తారు. వాళ్లు దాటేదాకా విసరకూడదు. ఆగడం రానివాడికి నేను డిస్క్ ఇవ్వను.

2021లో పాల్ మెక్‌బెత్ అనే ఆటగాడికి ఒక డిస్కుల కంపెనీ పదేళ్లకు కోటి డాలర్లు రాసిచ్చింది. అలాంటి డబ్బు వచ్చాక కోర్సులు పొడుగవుతాయి, మైదానాల్లోకి పోతాయి. పోనీ. పొద్దున్న ఎనిమిదింటికి మొదలెట్టి ఒక గంటన్నరలో ఆడేసి పనికి పోగలిగేది పార్కు మధ్యలో ఉన్న ఈ పొట్టి కోర్సే. నాతో ఒకే గుంపులో బస్సు డ్రైవరూ, మా ఆఫీసు కుర్రాడూ, ముసలాయనా ఉంటారు. బుట్టకు ఎవరు దూరంగా ఉంటే వాళ్లు ముందు విసరాలన్నది నియమం. కాబట్టి ఎప్పుడూ నేనే ముందు.

డిస్క్ వెనక పేరూ ఫోన్ నంబరూ రాసుకోవడం ఇక్కడి ఆచారం. పోయిన చలికాలం నా ఎర్ర పట్టర్ సైప్రస్ కొమ్మల్లో చిక్కింది. మామిడికాయ రాలగొట్టినట్టు ఇంకోటి విసిరాను, అదీ చిక్కింది. "మూడోది విసరకు పిన్నీ" అని మావాడు చెయ్యి పట్టుకున్నాడు. కొత్తవి రెండు కొనుక్కుని మర్చిపోయాను. మార్చిలో గాలివాన వెలిసిన మర్నాడు తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. ఆడ గొంతు.

"ఎర్ర డిస్క్, అంచున ఏదో కొరికిన గాటుంది. మీదేనా?"

"నాదే" అన్నాను. "పక్కన నీలంది కూడా ఉందా?"

ఒక్క నిమిషం ఆగి, కొమ్మల కేసి చూసి కాబోలు, "అది ఇంకా పైనే ఉంది" అంది.