విప్పడానికి వీలుగా కట్టిన ల్యాప్‌టాప్

బటన్ నొక్కితే లైటు వెలుగుతుంది, తెర మీద ఏమీ రాదు. పాత ల్యాప్‌టాప్ ఇలా మొరాయిస్తే రిపేరు షాపుల్లో ‘బోర్డు పోయిందండీ’ అనే మాట చాలా తొందరగా వచ్చేస్తుంది. 2011 నాటి థింక్‌ప్యాడ్ టీ420 విషయంలో అంత తొందర అక్కర్లేదు. ఐబీఎం మొదలుపెట్టి, 2005లో లెనోవో చేతికొచ్చిన ఈ వరసలో యంత్రాన్ని కట్టినవాళ్లు రేపు విప్పబోయే మనిషిని కూడా తలచుకున్నారు.

దీని మరమ్మతు మాన్యువల్‌ని ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. లోపం ఎక్కడుందో అంతుబట్టకపోతే బ్యాటరీ, హార్డ్ డిస్క్, డీవీడీ డ్రైవ్, ర్యామ్, బయట తగిలించినవీ తీసేసి ఆన్ చేయమంటుంది. రోగం కుదిరితే ఒక్కోటే తిరిగి పెట్టాలి. దేంతో మళ్లీ మొదలైతే అదే దొంగ. బాగున్న భాగాన్ని మార్చొద్దని కూడా అక్కడే రాశారు. కస్టమర్ జేబు గురించి కంపెనీ పుస్తకంలో అలాంటి మాట ఉండటం ముచ్చటే.

ఇక పనితనం చూడండి. డీవీడీ డ్రైవ్‌కి స్క్రూడ్రైవరే అక్కర్లేదు, గడియ జరిపితే బయటికొస్తుంది. హార్డ్ డిస్క్‌కి ఒకే స్క్రూ. ర్యామ్ ఒకటి అడుగున మూత కింద, రెండోది కీబోర్డు కింద. యంత్రాన్ని బోర్లిస్తే కొన్ని స్క్రూల పక్కన బుల్లి కీబోర్డు బొమ్మ కనిపిస్తుంది. అవి విప్పితే చాలు, మిగతావాటి జోలికి పోనక్కర్లేదు. తర్వాత కీబోర్డును తెర వైపు కాస్త నెడితే ముందంచు పైకి లేస్తుంది. అక్కడ ఆగాలి, కింద కేబుల్ ఉంటుంది. దాని కనెక్టర్‌ని నిటారుగా పైకి లాగితే ఊడుతుంది. (ఛార్జరూ బ్యాటరీ ముందే తీసేయాలని వేరే చెప్పాలా!)

ర్యామ్ రెండూ తీసి ఆన్ చేస్తే బీప్‌మంటుంది. ఆ కూత వినబడిందంటే ప్రాసెసర్, బయోస్ ప్రాణంతో ఉన్నట్టే. ఇక ర్యామ్‌ని ఒక్కోటే, స్లాట్లు మార్చి మార్చి పెట్టి చూడాలి.

ఇన్ని విప్పనిచ్చే యంత్రం ఫ్యాన్ దగ్గర మాత్రం మొండికేస్తుంది. దాని వైరు ఊడదీసి ఆన్ చేస్తే తెర మీద ‘ఫ్యాన్ ఎర్రర్’ అని చూపించి తనే ఆగిపోతుంది. పరీక్ష చేసేవాళ్లకి విసుగే గానీ, గాలాడని ప్రాసెసర్‌ని కాలనివ్వకుండా పెట్టిన కట్టడి అది.