శ్రమను శ్లాఘించుట చాలునా?

విశాఖపట్టణమున 1933లో రేవు తెరవబడెను. 1992లో ఉక్కు కర్మాగారము జాతికంకితమయ్యెను. శ్రీశ్రీయు, రావిశాస్త్రియు ఆ యూరివారే. శ్రీశ్రీ 'ప్రతిజ్ఞ' కష్టజీవికి కావ్యగౌరవము తెచ్చినది. కాని యందు కష్టజీవి సమూహమే గాని వ్యక్తి కాడు. ఆ కొరతను రావిశాస్త్రి 'అల్పజీవి' తీర్చినది. గుమాస్తా సుబ్బయ్యను లేమికంటె భయమే యెక్కువ పీడించును. కంట్రాక్టరునొద్ద పుచ్చుకొన్న సొమ్ము ఆ భయమును ఇబ్బడిముబ్బడి చేయును. అసమానత మనుష్యుని వెన్నులోనికెట్లు దిగునో యీ నవల తేటగా చూపినదని మా యభిప్రాయము.

అయినను సుబ్బయ్యకు నెలజీతమున్నది. చైనా రచయిత లావో షె 1936లో ప్రకటింపనారంభించిన నవలలో, రిక్షాలాగు షియాంగ్జికి అదియు లేదు. చెమటోడ్చి కొన్న బండిని సైనికులు లాగుకొందురు. మరల కూడబెట్టినదానిని వేగులవాడు కాజేయును. తుదకు వాని శీలమే చెడును. కష్టించినవాడు పైకి వచ్చుననెడి మన నమ్మకమునకు ఈ కథ గట్టి పరీక్ష.

కంట్రాక్టు గడువునకు లోబడి బ్రదుకు ఉక్కునగరపు కార్మికుని గూర్చి మనకట్టి నవల కావలెను. అది వచ్చులోపల, చదువరులారా, మన యింట అంట్లు తోము మనిషి జ్వరపడిననాడు జీతము కోయకుండుట మన చేతిలోని పనియే కదా!